రెండు మానిటర్లకు స్టాండు కొనేముందు టేబుల్ కిందకి ఒకసారి దూరండి

మా ఇంట్లో రెండు లావుపాటి నిఘంటువులున్నాయి. ఒకటి తెలుగు, ఒకటి ఒడియా. నాలుగేళ్ళపాటు వాటిని తెరిచి చూసిన పాపాన పోలేదు. అవసరం లేక కాదు, వాటి మీద మానిటర్లు కూర్చున్నాయి. ఏదైనా మాటకి అర్థం చూడాలంటే ముందు మానిటర్‌ని ఎత్తి మంచం మీద పెట్టాలి, పుస్తకం లాగాలి, చూశాక మళ్ళీ అన్నీ ఎక్కడివక్కడ సర్దాలి. ఆ శ్రమ పడలేక ఫోన్‌లో వెతికి, దొరికిన మాట రాసేసి, ఒకసారి కాగితం తెచ్చినాయన చేత చీవాట్లు కూడా తిన్నాను.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంటి దగ్గరే డీటీపీ పని, కాగితాల అనువాదం చేస్తాను. నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇక్కడ చాలా తెలుగు ఇళ్ళకి భూమి ఒక రాష్ట్రంలో ఉంటే కాపురం ఇంకో రాష్ట్రంలో. ఒడియా ఖతియాన్, అంటే భూమి హక్కుల కాగితం, తెలుగులో కావాలని ఒకరొస్తారు, తెలుగు దస్తావేజు ఒడియాలో కావాలని ఇంకొకరొస్తారు. ఎడమ తెర మీద అసలు కాగితం స్కాను, కుడి తెర మీద నేను కొట్టేది. అటు డిసిమిల్ అని ఉంటే ఇటు సెంటు అని కొడతాను. రెండూ ఎకరంలో నూరో వంతే కాబట్టి లెక్క మార్చక్కర్లేదు, మాట మారిస్తే చాలు. ప్లాటు నంబరులో మాత్రం ఒక్క అంకె కూడా తేడా రాకూడదు. అందుకని కళ్ళు రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, వాటితోపాటు మెడ.

గిడుగు రామమూర్తి పంతులుగారు రాజావారి బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతలు ఉండిపోయారు. అలా మా బతుక్కి రెండు లిపులు, నా టేబుల్‌కి రెండు తెరలు వచ్చాయి. ఆ రెండు తెరల్నీ నిఘంటువుల మీంచి దించి స్టాండుకి ఎక్కించడానికి నాకు రెండు స్టాండులూ ఒక టేబులూ ఖర్చయ్యాయి. మీకు ఒక్క స్టాండుతో పోవాలని ఇది రాస్తున్నాను.

మొదటి స్టాండు కొన్నప్పుడు నేను మానిటర్లను చూసి కొన్నాను. 24 అంగుళాల తెరలు రెండు, ఒక్కోటి ఇంత బరువు, సరిపోతుంది, ఆర్డరు పెట్టెయ్. అప్పటి నా టేబుల్ రెడీమేడ్‌ది. పైన టేకు చారలున్న కాగితం, లోపల రంపపు పొట్టు జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ గదిలోకి నీళ్ళొస్తే టేబుల్ వెనక అంచు కాస్త ఉబ్బింది. తుడిచి ఎండబెట్టి వాడుకుంటున్నాం. స్టాండు క్లాంపుని, అంటే టేబుల్ అంచుని కరిచి పట్టుకునే భాగాన్ని, సరిగ్గా ఆ అంచుకే బిగించాను.

వారం రోజులు బ్రహ్మాండంగా ఉంది. తర్వాత ఒకరోజు ఖతియాన్‌లో గళ్ళ గీతలు వాలుగా కనిపించాయి. స్కాన్ వంకరగా తీశాననుకుని కంప్యూటర్లో తిప్పి సరిచేశాను. మర్నాడు ఇంకో కాగితం, అదీ వంకరే. మా ఆయన గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ, "కాగితం కాదే, మానిటరే ఒరిగింది" అన్నారు. కిందకి దూరి చూస్తే క్లాంపు అడుగు బిళ్ళ బోర్డులోకి అరంగుళం దిగబడిపోయి ఉంది. చుట్టూ పొట్టు రాలుతోంది. వేలితో గోకితే బిస్కెట్టులా ఊడొచ్చింది.

కాబట్టి మొదట చూడాల్సింది మానిటర్ కాదు, టేబుల్. అదీ పైనుంచి కాదు. ఫోన్ టార్చి పట్టుకుని కింద దూరాలి.

రెండు మానిటర్ల స్టాండుల్లో ఎక్కువ భాగం టేబుల్ వెనక అంచుని కరిచి పట్టుకునే రకం. ఇంగ్లీషు అక్షరం సి ఆకారంలో ఉంటుంది కాబట్టి సి క్లాంపు అంటారు. పై దవడ టేబుల్ మీద కూర్చుంటుంది, కింది దవడ మరతో పైకి బిగుస్తుంది. దాని మీద నిలువుగా ఒక ఇనప కర్ర, కర్ర నుంచి రెండు చేతులు, ఒక్కో చేతి చివర ఒక మానిటర్. అది పట్టాలంటే మూడు సంగతులు కుదరాలి. పలక మందం ఆ క్లాంపు పట్టే కొలతలో ఉండాలి. ఒక్కో స్టాండుకి ఒక్కోలా ఉంటుంది, పెట్టె మీద మిల్లీమీటర్లలో రాస్తారు. అడుగున అంచు నుంచి లోపలికి కనీసం బెత్తెడు మేర చదునుగా ఖాళీ ఉండాలి. చెక్క గట్టిదై ఉండాలి.

మందం దగ్గర పెద్దగా ఇబ్బంది రాదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ అయినా అంగుళంన్నర టేకు పలక అయినా దాదాపు అన్ని క్లాంపులూ పడతాయి. ఇబ్బంది అడుగున ఉంటుంది. ఇనప ఫ్రేము టేబుళ్ళకి వెనక అంచు కిందే ఒక గొట్టం అడ్డంగా పోతుంది. కింది దవడ దాన్ని తన్నుకుంటుంది. పాత చెక్క టేబుళ్ళకి పలక కింద చుట్టూ నాలుగంగుళాల చట్రం ఉంటుంది. సొరుగున్న టేబుళ్ళకి సొరుగు వెనక పలక అడ్డం. ఇవేవీ మనం రోజూ కూర్చునే చోటునుంచి కనబడవు. నేనైతే ఆ టేబుల్ దగ్గర ఆరేళ్ళు కూర్చున్నాను, దాని అడుగు ఎలా ఉంటుందో అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

ఇక గట్టితనం. పార్టికల్ బోర్డు పాడవకుండా, పొడిగా ఉంటే ఫర్వాలేదు. కానీ పైనా కిందా ఇనప రేకు పలకలు వేసి, వాటి మీంచి బిగించాలి. క్లాంపు రెండు వేళ్ళంత చోట నొక్కే బరువుని ఆ రేకు అరచేయంత చోటికి పరుస్తుంది. ఇవి జతగా అమ్ముతారు. లేదంటే వెల్డింగ్ షాపులో మూడు మిల్లీమీటర్ల రేకు ముక్కలు రెండు కోయించుకుని, అంచులు అరగదీయించుకోవచ్చు. ఒకసారి తడిసి ఉబ్బిన బోర్డు మీద మాత్రం ఏ రేకు వేసినా దండగే. గాజు పలక ఉన్న టేబుల్‌కి క్లాంపు ఆలోచనే వద్దు. పలక కింద చెక్క ఉన్నా సరే, గాజు తీసి పక్కన పెట్టాకే బిగించండి.

స్టాండు ఎంత బరువు మోస్తుందని అందరూ అడుగుతారు. ఆ బరువు ఎంత దూరంలో వేలాడుతోందన్నది అంతకంటే ముఖ్యం. నీళ్ళ బిందెని చంకలో పెట్టుకుంటే ఫర్లాంగు నడుస్తాం. అదే బిందెని చెయ్యి చాచి పట్టుకోమంటే పది అంకెలు లెక్కపెట్టేలోపు దించేస్తాం. స్టాండు చేతులు ముందుకి చాపిన కొద్దీ టేబుల్ అంచు పడే బాధ అదే. నా మానిటర్లు రెండూ కలిపి ఏడు కిలోలు. అరడుగు ముందుకి లాగితే బోర్డుకి వాటి బరువు పెరిగినట్టే.

ఆ టేబుల్ పారేశాక మా మామగారి టేబుల్ వాడుకుంటానని అడిగాను. టేకుది, ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో చేయించుకున్నది. ఇచ్చారు, కానీ ఒక షరతు. "దానికి చిల్లు పెట్టకూడదమ్మా." క్లాంపు కుదరనప్పుడు రెండో దారి టేబుల్‌కి చిల్లు వేసి, కింద నట్టుతో బిగించడం. దాన్ని గ్రోమెట్ బిగింపు అంటారు. నిజానికి క్లాంపు కంటే గట్టిది. ఆ దారి మూసుకుపోయింది. చట్రం ఉంది కాబట్టి క్లాంపూ పట్టదు.

వడ్రంగి మేస్త్రీని పిలిపించాను. ఆయన టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద చెయ్యి పెట్టి తడిమి, "పలకకి ముట్టుకోవద్దమ్మా, దీని వెనక ఇంకో పలక కట్టేద్దాం" అన్నాడు. ఆరంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం ఉన్న టేకు చెక్కని టేబుల్ పొడుగునా వెనక ఆనించి, వెనక కాళ్ళకి రెండు ఎల్ యాంగిళ్ళతో బిగించాడు. పైనుంచి చూస్తే టేబుల్ కాస్త వెడల్పయినట్టుంటుంది, అంతే. దాని కింద చట్రం లేదు, క్లాంపు దర్జాగా పట్టింది. మామగారు కాళ్ళ వెనక మేకులు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కొత్త పలక మీద తన కళ్ళజోడు పెట్టె పెట్టుకోవడం మొదలెట్టారు.

టేబుల్ గోడకి ఆనించి ఉందా? ఇది చాలామందికి స్టాండు బిగించిన రోజే తెలుస్తుంది. క్లాంపు వెన్ను అంచు దాటి రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి వస్తుంది. అది చిన్న సంగతి. చేతుల మోచేతులు వెనక్కి ముడుచుకుంటాయే, అవి అసలు సంగతి. మానిటర్‌ని మీకు దూరంగా, అంటే వెనక్కి నెట్టినప్పుడు మోచెయ్యి గోడలోకి పోవాలి. గోడ పోనివ్వదు కదా. అప్పుడు టేబుల్‌నే జానెడు ముందుకి జరపాల్సొస్తుంది. చిన్న గదిలో జానెడంటే తలుపు సగం తెరుచుకోకపోవడం. మా గదిలో అదే జరిగింది, బీరువా జరిపి గట్టెక్కాం.

దీనికి కొలత చూసే పద్ధతి చెప్తాను. 24 అంగుళాల తెర అడ్డం కొలత దాదాపు 53 సెంటీమీటర్లు, 27 అంగుళాలదైతే 60. అంగుళాలన్నది మూల నుంచి మూలకి ఐమూలగా కొలిచినది, అడ్డం కాదు. రెండు 27లు పక్కపక్కన పెడితే అంచులతో కలిపి నాలుగడుగులు దాటతాయి. నడుమ కర్ర నుంచి ఒక్కో తెర మధ్యకి 30 సెంటీమీటర్లు. చెయ్యి పొడుగు 40 ఉందనుకోండి, అది పక్కకి 30 పోవాలంటే మిగతాది ముందుకో వెనక్కో పోక తప్పదు. లెక్క వేస్తే 26 సెంటీమీటర్లు. వెనక గోడ ఉంటే ఆ 26 ముందుకే వస్తుంది. రెండడుగుల లోతున్న టేబుల్ మీద తెరలు కర్రకి 26 సెంటీమీటర్ల ముందుకొచ్చి కూర్చుంటే, కీబోర్డు పెట్టాక మీ ముక్కు తెరకి తగులుతుందేమో అన్నంత దగ్గరవుతుంది. పెద్ద తెరలు, లోతు తక్కువ టేబుల్, వెనక గోడ, ఈ మూడూ కలిసినచోట చేతుల స్టాండు కొనకండి. అడ్డంగా ఒకే పట్టీ ఉండి, దాని మీద రెండు తెరలూ జరిగే రకం ఉంటుంది. అది తెరల్ని కర్రకి దగ్గరగా ఉంచుతుంది.

అసలు స్టాండే అక్కర్లేనివాళ్ళూ ఉన్నారు. రెండు తెరలూ అడ్డంగానే ఉంటాయి, ఎప్పుడూ కదపరు, ఎత్తు పెరిగితే చాలు అనుకుంటే వడ్రంగి చేత పొడుగాటి పీట చేయించుకోండి. కింద కీబోర్డు దూరుతుంది, మా నిఘంటువుల్లాంటివి కూడా దూరుతాయి. నాకు అది సరిపోలేదు, ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు మానిటర్ వెనక్కి రండి. దాన్ని బోర్లా, మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టి వీపు చూడండి. నాలుగు స్క్రూ రంధ్రాలు చదరంగా కనబడాలి. రెండు రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లో 100 మిల్లీమీటర్లో ఉంటుంది. దీన్నే వెసా కొలత అంటారు. మనం కొనే స్టాండులన్నీ ఈ రెండింటికీ పడతాయి. కొన్ని మానిటర్లకి ఆ రంధ్రాలు వాటితో వచ్చిన కాలు వెనక దాక్కుని ఉంటాయి, కాలు ఊడదీస్తే గాని కనబడవు. చవక మానిటర్లలో కొన్నిటికి రంధ్రాలే ఉండవు. వాటికి అంచులు పట్టుకునే కొక్కేల అడాప్టర్లు దొరుకుతాయి, కానీ నా మాట వినండి, ఆ అడాప్టరు డబ్బు దాచుకుని మానిటర్ మార్చేటప్పుడు రంధ్రాలున్నది తీసుకోండి.

స్క్రూలు ఎం4 రకం. స్టాండుతో పాటు రెండు మూడు పొడుగులవి ఇస్తారు. ఎక్కువ పొడుగుది చేత్తో తిప్పి, ఇంకా పోతోంది కదా అని బలవంతంగా బిగిస్తే లోపలి భాగాలకి తగులుతుంది. చేత్తో సులువుగా పోయినంత పోనిచ్చి, పలకకీ వీపుకీ మధ్య ఖాళీ మిగిలితే వాషర్ వెయ్యండి, లేదా పొట్టి స్క్రూ వాడండి. వీపు లోపలికి గుంటగా ఉన్న మానిటర్లకి మాత్రం పొడుగు స్క్రూలు, మధ్యలో గొట్టం ముక్కల్లాంటి స్పేసర్లు కావాలి.

బరువు చూసుకోండి. పెట్టె మీద రాసేది సాధారణంగా కాలుతో కలిపిన బరువు. స్టాండుకి కావలసింది కాలు తీసేసిన బరువు. నేను కాలు ఊడదీసి, మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, వీధి చివర కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళాను. కొట్టాయన బియ్యం తూచే త్రాసు మీద పెట్టించుకుని, "ఇదేం సరుకమ్మా, కిలో ఎంత?" అని నవ్వాడు. 3 కిలోల 400 గ్రాములు తూగింది. రెండోది 3 కిలోల 600. ఇంట్లో మనుషులు తూగే మిషను ఉంటే ముందు మీరొక్కరూ, తర్వాత మానిటర్ ఎత్తుకుని ఎక్కి తేడా తీసుకున్నా చాలు.

ఎక్కువ బరువైతే స్టాండు ఆగదని అందరికీ తెలుసు. తక్కువ బరువైనా తంటాయేనని మా మేనల్లుడి దగ్గర చూశాను. వాడిది బెంగళూరు కంపెనీ, 2020లో లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఏడు వేల పైచిలుకు పెట్టి గ్యాస్ స్ప్రింగ్ స్టాండు తెప్పించాడు. వేలితో తోస్తే పైకి, వేలితో నొక్కితే కిందకి, గాల్లో తేలినట్టు కదులుతుంది. చూడముచ్చటగానే ఉంది. వాడి రెండో మానిటర్ మరీ పల్చటిది. దాన్ని ఎంత కిందకి దించినా పిల్లి నడిచొచ్చినట్టు మెల్లగా పైకి లేచిపోయేది. "అత్తా, ఇది నా మాట వినట్లేదు" అంటాడు. స్టాండు కాగితం చూస్తే ఒక్కో చెయ్యి మూడు కిలోల నుంచి అని ఉంది. వాడి మానిటర్ మూడు కిలోలు లేదు. స్ప్రింగుని ఎంత సడలించినా దాని బలం ఆ మానిటర్‌కి ఎక్కువే. కాబట్టి గ్యాస్ స్ప్రింగ్ కొనేటప్పుడు పై హద్దుతోపాటు కింది హద్దూ చదవండి. మీ మానిటర్ బరువు ఆ రెంటికీ నడుమ పడాలి. వంపు తిరిగిన వెడల్పాటి తెరలైతే బరువు ఇంకా ముందుకొస్తుంది, కనుక పై హద్దుకి బాగా తక్కువలో ఉండాలి.

గ్యాస్ స్ప్రింగా, మామూలు కర్ర స్టాండా? రోజులో రెండు మూడుసార్లు ఎత్తు మార్చేవాళ్ళకి, కాసేపు నిలబడి పనిచేసేవాళ్ళకి, ఒకే టేబుల్ మీద ఇద్దరు వంతులేసుకునేవాళ్ళకి గ్యాస్ స్ప్రింగ్ డబ్బు గిట్టుబాటవుతుంది. నాలాగా ఒకసారి సరిచేసుకుని ఏడాది ముట్టుకోనివాళ్ళకి అది వృథా. నాది కర్ర స్టాండు, మూడు వేల లోపు. కర్ర మీద రింగులు జరిపి ఎత్తు పెట్టుకుని ఎలన్‌కీతో, అంటే ఆరు పలకల వంపు కడ్డీతో, బిగించెయ్యడమే. అందులో పాడయ్యేది ఏమీ లేదు. ఒక్కటి చూడండి. మానిటర్ తగిలించే తల దగ్గర కొద్దిగా, ఒక సెంటీమీటరైనా, పైకీ కిందకీ జరిపే వీలుండాలి. రెండు తెరలూ ఒకే కంపెనీవైనా సరే, బిగించాక ఒకటి గోరంత ఎత్తులో ఉంటుంది. ఆ గోరంత తేడా రోజంతా కంట్లో నలుసులా పొడుస్తుంది.

టేబుల్‌ని పట్టుకోకుండా పీట మీద నిలబడే స్టాండులు కూడా ఉన్నాయి. టేబుల్‌కి ఏ క్లాంపూ కుదరకపోతే అదే గతి. పీట పెద్దది, టేబుల్ నడుమ చోటంతా తినేస్తుంది. తెరల్ని పీట దాటి ముందుకి లాగితే ముందుకి తూలుతుంది. పిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టను.

ఎత్తు సంగతి. తెర పై అంచు మీ కళ్ళకి సమానంగానో కాస్త కిందో ఉండాలి. తెర మీకు చెయ్యి చాపినంత దూరం. ఇది అందరూ చెప్పేదే. నాకు 47 ఏళ్ళు, రెండు పవర్ల కళ్ళద్దాలు. దగ్గరి చూపు అద్దం కింద భాగంలో ఉంటుంది. అందరూ చెప్పిన ఎత్తులో పెట్టుకుంటే అక్షరాలు చదవడానికి గడ్డం పైకెత్తాల్సొచ్చింది. నిఘంటువులున్నప్పుడు కిందికి వంగి నొప్పి, స్టాండొచ్చాక పైకెత్తి నొప్పి. చివరికి తెరల్ని నాలుగంగుళాలు దించి, పై అంచు కాస్త వెనక్కి వాల్చాను. అప్పుడు మెడ ఊరుకుంది. మీవీ అలాంటి అద్దాలైతే కర్ర మీద రింగు ఎంత కిందికి దిగుతుందో కూడా చూసి కొనండి. అందరూ కర్ర ఎంత పొడుగో చూస్తారు గాని, కిందికి ఎంత దిగుతుందో చూడరు.

రెండు తెరల్నీ సమానంగా వాడితే వాటి మధ్య గీత ముక్కుకి ఎదురుగా రావాలి, రెండూ పుస్తకం తెరిచినట్టు కాస్త లోపలికి తిరగాలి. ఒకటే ఎక్కువ వాడితే అది తిన్నగా ఎదురుగా, రెండోది పక్కన వాలుగా. నేను కొట్టేది కుడి తెర మీద, కాబట్టి అది ఎదురుగా ఉంటుంది. ఎడమది ఖతియాన్ కోసం నిలువుగా తిప్పాను.

పీట సరిపోలేదన్నది ఇందుకే. కాగితం నిలువు, తెర అడ్డం. అడ్డం తెర మీద కాగితం మొత్తం చూడాలంటే అక్షరాలు చీమలవుతాయి, అక్షరాలు పెద్దవి చేస్తే సగం కాగితం కిందకి పోతుంది. నిలువుగా తిప్పితే మొత్తం ఒకేసారి కనబడుతుంది, ప్లాటు నంబరు పట్టీలో చూపు వరుస తప్పదు. పైగా చోటు కూడా కలిసొచ్చింది. నిలువుగా ఉన్న 24 అంగుళాల తెర అడ్డం 30 సెంటీమీటర్లే, రెండూ కలిపి 83 అయ్యాయి. ఎత్తు మాత్రం 53. అంటే దాని మధ్యభాగం టేబుల్‌కి కనీసం 27 సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే కింది అంచు టేబుల్‌ని రాసుకుంటుంది. స్టాండు తల గుండ్రంగా తిరిగే రకమో కాదో కొనేటప్పుడే అడగండి. పాత చవక తెరల్లో టీఎన్ రకం ప్యానెల్ ఉంటే నిలువుగా తిప్పాక ఒక పక్క రంగు వెలిసినట్టు కనబడుతుంది. ఐపీఎస్ రకానికి ఆ బాధ లేదు. తిప్పాలనుకున్న తెర ఏ రకమో ముందే చూసుకోండి.

బిగించే రోజున ఇంకో మనిషి సాయం ఉండాలి. ఒకరు మానిటర్ పట్టుకోవాలి, ఒకరు స్క్రూ తిప్పాలి. కర్ర ముందు, చేతులు తర్వాత, మానిటర్లు ఆఖర్న. క్లాంపు బిగించాక మానిటర్లు ఎక్కించకముందే కర్ర పట్టుకుని ఊపి చూడండి. అది కదలకుండా టేబుల్ కదలాలి. మానిటర్లు ఎక్కించిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి క్లాంపు మళ్ళీ బిగించండి. చెక్క కాస్త అణుగుతుంది, అది సహజం. ప్రతి వారం అణుగుతూనే ఉంటే మాత్రం నా పాత టేబుల్ కథ గుర్తు తెచ్చుకోండి.

గ్యాస్ స్ప్రింగ్ వాళ్ళకి ఒక హెచ్చరిక, ఇది ఆటలు కాదు. మానిటర్ బరువు ఉన్నంతసేపే ఆ చెయ్యి నిదానంగా ఉంటుంది. కింద ఉన్న చేతికి మానిటర్ ఊడదీస్తే ఆ చెయ్యి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. ఎదురుగా మొహం ఉంటే మొహానికే తగులుతుంది. కాబట్టి మానిటర్ తీసేముందు చేతిని పూర్తిగా పైకి లేపి, అక్కడ తియ్యాలి. స్ప్రింగు బిగువు సరిచేసేటప్పుడు మానిటర్ తగిలించే ఉంచి, చేతిని అడ్డంగా సమంగా పట్టుకుని ఎలన్‌కీ తిప్పాలి. పది పదిహేను చుట్లు తిప్పినా తేడా కనబడకపోవచ్చు, టెన్షన్ పడకుండా తిప్పుతూ ఉండండి.

వైర్లు మర్చిపోతారు, నేనూ మర్చిపోయాను. మానిటర్‌తో వచ్చే హెచ్‌డీఎంఐ వైరు చాలాసార్లు మీటరున్నరే ఉంటుంది. అది చేతి వెంబడి, కర్ర వెంబడి దిగి, టేబుల్ కిందున్న సీపీయూ దాకా రావాలంటే చాలదు. రెండు మీటర్లది ముందే తెప్పించుకోండి. ప్రతి మోచేతి దగ్గరా ఒక లూపంత వదులు ఉంచాలి. తెరని నిలువుగా తిప్పేటప్పుడు వైరు బిగుసుకుంటే అది ముందు సాకెట్‌నే విరుస్తుంది.

చివరగా, మా ఇంటిలాంటి పాత ఇళ్ళవాళ్ళకి. స్టాండు బిగించాక దాని ఇనప కర్ర ముట్టుకుంటే వేళ్ళకి జివ్వుమంటోందా? స్టాండు తప్పు కాదు. మూడు కాళ్ళ ప్లగ్గుని రెండు కాళ్ళ సాకెట్లో దూర్చి ఉంటారు, లేదా సాకెట్‌కి ఎర్తు వైరే ఉండదు. మానిటర్ లోహపు భాగంలోంచి కారే కొద్దిపాటి కరెంటు స్టాండులోకి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి. మేం గదికి కొత్త లైను లాగించుకున్నాం, ఆ జివ్వు పోయింది.

ఊడదీసిన మానిటర్ కాళ్ళు పారేయకండి. మానిటర్ అమ్మాలన్నా, వారంటీకి పంపాలన్నా అవి అడుగుతారు. నావి అటక మీద ఉన్నాయి. మిగిలిన స్క్రూలు, వాషర్లు, ఎలన్‌కీ ఖాళీ ఆవకాయ సీసాలో వేసి, పక్కనే నిలబెట్టిన రెండు నిఘంటువుల మధ్య పెట్టాను. నిన్న "బాటి" అన్న మాటకి అర్థం కావలసి ఒడియా నిఘంటువు లాగితే సీసా దొర్లింది, మూత గట్టిగానే ఉంది.